పేరెత్తకూడని పాఠం

భయం గురించి కథ చెప్పాలంటే భయమెరగని మనిషే చెప్పాలి. అందుకని నేను చెబుతున్నాను. మా పాలమూరు వైపు అమ్రాబాద్ అడవిలో, మీసాలు కూడా సరిగా రాని వయసులో, దారికి అడ్డంగా పడుకున్న ఎలుగుబంటిని చెవి పట్టుకుని పక్కకు జరిపి, నా పని మీద నేను వెళ్లిపోయినవాణ్ణి. అది ఇప్పటికీ నన్ను తలచుకుని ఉలిక్కిపడుతుందని ఆ దారిన వచ్చేపోయేవాళ్లు చెబుతుంటారు. ముంబయి కామాఠీపురాకు వచ్చాక ఇక్కడి ఎలుకలను చూసి ఎలుగుబంటే నయమనుకున్న మాట నిజమే కానీ, భయపడటం మాత్రం నా జాతకంలో లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకుని మిగతాది వినండి.

దర్శనకు మాత్రం భయం పుష్కలంగా ఉంది.

మా చాల్‌లో, అంటే వసారా గ్యాలరీల వెంట ఒంటి గదులుండే పాత మేడలో, రెండో అంతస్తు గ్యాలరీ చివరి గది వాళ్లది. ఉన్నది ఒకటే గది. ఒక మూల స్నానానికీ గిన్నెలు తోముకోవడానికీ మోరీ, ఇంకో మూల పొయ్యి, పైన సామాను పెట్టుకునే చెక్క అటక. ఆ అటకను ఇక్కడ మాళా అంటారు. నిచ్చెన వేసుకుని ఎక్కాలి, ఎక్కాక వంగి కూర్చోవాలి. దర్శన బడి చదువు అక్కడే చదివింది. బీయస్సీ, ఎమ్మెస్సీ అక్కడే చదివింది. ఇప్పుడు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ కూడా అక్కడే చదువుతోంది. నిటారుగా కూర్చుని చదివే యోగం ఆ పిల్లకు ఎన్నడూ పట్టలేదు.

పీహెచ్‌డీలో చేరినంత మాత్రాన అయిపోదట. ఏడాది తిరిగేసరికి క్వాలిఫయింగ్ అని ఒక గండం ఉంటుంది. ముగ్గురు ప్రొఫెసర్లు ఒక బల్ల వెనక కూర్చుంటారు. ఎదురుగా బోర్డు, చేతిలో సుద్దముక్క. సిలబస్‌లో ఎక్కడినుంచైనా అడుగుతారు. క్లాసికల్ మెకానిక్స్ అంటే గ్రహాలు తిరగడం, బొంగరాలు తూలడం. ఎలక్ట్రోడైనమిక్స్ అంటే కరెంటు, అయస్కాంతం, వెలుతురు. క్వాంటమ్ మెకానిక్స్ అంటే ఏమిటని నేను అడిగితే దర్శన చాలాసేపు చెప్పింది, నేనూ చాలాసేపు తలూపాను. నాలుగోది స్టాటిస్టికల్ మెకానిక్స్. కోటానుకోట్ల అణువులు గుంపుగా ఉన్నప్పుడు ఎలా నడుచుకుంటాయో లెక్కగట్టే విద్య. ఒకసారి తప్పితే ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ తప్పితే పేరు కొట్టేసి ఇంటికి పంపిస్తారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

దర్శన మొదటిసారి తప్పింది.

మూడు సబ్జెక్టులు నీళ్లలా చెప్పిందట. నాలుగోదానికి వచ్చేసరికి ఒక ప్రొఫెసర్ ఐసింగ్ మోడల్ గురించి చెప్పమన్నాడు. కష్టమైనదేమీ కాదు. ఒక వరసలో చిన్న చిన్న అయస్కాంతాలు ఉన్నాయనుకోండి. ప్రతిదీ పైకో కిందికో చూస్తుంటుంది. పక్కది ఎటు చూస్తే తానూ అటే చూడాలని దాని ఆశ. వేడి మాత్రం దాన్ని కుదురుగా ఉండనివ్వదు. ఈ రెంటి మధ్య చివరికి అందరూ ఒకే వైపు తిరుగుతారా, లేక ఎవరిదారి వాళ్లదా అన్నది ప్రశ్న. దర్శనకు అంతా వచ్చు. కానీ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయింది. చెమటకు సుద్ద వేళ్లలో ముద్దయింది. నోరు పెగల్లేదు. ఎంతసేపు నిలబడిందో ఆ పిల్లకే గుర్తు లేదు. "సరే, చాలు" అన్న మాట ఒక్కటే గుర్తుంది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ రాజవ్వ గ్యాలరీలో కూర్చుని పిండి కలుపుతోంది.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"ఐసింగ్ మోడల్ అవ్వా."

"గదేంది?"

"ఐసింగ్ మోడల్. నాకు వచ్చు అవ్వా, మొత్తం వచ్చు. ఐసింగ్ మోడల్ అనంగనే బుర్రలకెళ్లి అంతా పోయింది."

అప్పుడే పైకప్పు నుంచి అరచేతంత పెచ్చు ఊడి పిండిలో పడింది. మా చాల్‌లో పెచ్చు ఊడటం వింత కాదు. వానాకాలంలో రోజూ ఊడుతుంది, మిగతా కాలాల్లో అలవాటు కొద్దీ ఊడుతుంది. కానీ రాజవ్వ ఆ పెచ్చును చూసి, పైకప్పును చూసి, మనవరాలి మొహం చూసింది. చేతికంటిన పిండి దులుపుకోకుండానే దర్శన నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఇంకోపారి దాని పేరెత్తకు."

"అవ్వా, అది పాఠం—"

"ఏదైతే ఏంది? నీ మీద దాని కన్ను వడ్డది. పేరు వెట్టి పిలిస్తె పలుకుతది."

రాజవ్వ పుట్టినచోట భయపెట్టేవాటిని పేరుతో పిలవరు. పామును పురుగంటారు. ఒంటిమీద పొక్కులు పోస్తే అమ్మ వచ్చిందంటారు. దీపాలు పెట్టాక ఉప్పు అనరు, సూది అనరు. ఇవన్నీ అందరిళ్లలోనూ ఉన్నవే. కానీ రాజవ్వకు మాత్రం ఇది ఆచారంతో ఆగలేదు. ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఈ ఊళ్లో మేడలు లేపుతున్నచోట కూలికి పోయేవాళ్లు. ఒకనాడు తడిసిన చెక్కల కుప్ప దగ్గర నిలబడి ఆయన "ఇందుల పామున్నట్టున్నదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట అంటూనే చెక్క ఎత్తబోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అప్పటినుంచి రాజవ్వ ఆ మాట ఉచ్చరించలేదు, ఎవరినీ ఉచ్చరించనివ్వలేదు.

పక్కగది సీమా ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఇలాంటివి నమ్మదు. గుమ్మంలో నిలబడి పకపకా నవ్వింది.

"అగో రాజవ్వా, చదువుకున్న పోరిని గట్ల భయపెడ్తవా? ఐసింగ్ మోడల్, ఐసింగ్ మోడల్, ఐసింగ్ మోడల్! బఘ్, చూడు, ఏమన్న అయిందా నాకు?"

ఆ సాయంత్రమే చుట్టాలు వచ్చి కూర్చున్నాక, సగం పూరీలు నూనెలో ఉండగా, సీమా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. అంతే, సీమా నోరు మూసింది. సీమా మూసిందని ఆ పక్కగది వాళ్లు మూశారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. నల్లా దగ్గర మాట మెట్లు దిగింది, బట్టలారేసే చోట మెట్లెక్కింది. నాలుగు రోజులు తిరక్కుండానే మూడు అంతస్తుల్లో ఎవరినోటా ఆ పేరు లేదు. దానికీ 'పురుగు' అనే పేరు స్థిరపడింది.

"పోరీ, పురుగు ఎట్లున్నది?"

"ఏం దర్శనా, గా పురుగు జోలికి పోతలేవు గద?"

"నకో బాయి, దాన్ని ముట్టకు. మిగతాయి చదువుకో, చాలు."

నేనూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడమే కాదు, దర్శన ఎదురుపడితే ఎక్కడ నోరు జారుతానోనని వెనక మెట్ల మీదుగా దిగి నల్లా దగ్గరికి వెళ్లేవాణ్ణి. మరి ఎలుగుబంటి అంటారా? అది మేక. నల్లమేక. చెవి పట్టుకున్న మాట కూడా కాస్త అటూ ఇటూ, అదే నా పంచె పట్టుకుంది. సరే, ఆ సంగతి వదిలేసి ముందుకు పోదాం.

తమాషా ఏమిటంటే దర్శన కూడా ఆ మాటకు కట్టుబడిపోయింది. చదువుకున్న పిల్ల, నమ్మిందని కాదు. అవ్వ మాట తీసెయ్యలేక మొదట ఊరుకుంది. తర్వాత అలా ఊరుకోవడం హాయిగా అనిపించింది. ఆ తర్వాత అదే అలవాటయింది.

మాళా మీద చదవాల్సిన అంశాల కాగితం అతికించుకుంది. పొద్దున నల్లా వచ్చి బిందెలు నిండగానే నిచ్చెన ఎక్కేది. బొంగరం ఎందుకు పడిపోకుండా తూలుతుందో మళ్లీ మొదటినుంచి కట్టుకొచ్చింది. వేగంగా ఊగే ఎలక్ట్రాన్ ఎంత వెలుతురు విరజిమ్ముతుందో లెక్క కట్టింది. హైడ్రోజన్ పరమాణువును ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు కట్టిందో, అది నాలాంటి మనిషైతే విసుగెత్తి పారిపోయేవాడు. కానీ నాలుగో సబ్జెక్టుకు రాగానే చూపు జారిపోయేది. గల్లీలో ఏదో పడి ఉంటే దాన్ని చూడకుండానే కాలు పక్కనుంచి పోతుంది చూడండి, అలాగ. ఆ పేజీలను విడిగా తీసి పాత చీరల మూట కింద పెట్టింది. ఒకసారి అడిగింది మళ్లీ అడగరులే అనుకుంది. పాచికకు జ్ఞాపకం ఉండదని, నిన్న ఆరు పడింది కాబట్టి ఇవాళ పడదనుకోవడం తెలివితక్కువని, ఆ సబ్జెక్టు మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. ఆ పేజీ కూడా ఆ మూట కిందే ఉంది.

రోజులు గడిచేకొద్దీ భయం ఊరకే ఉండలేదు. అన్నం ముందు కూర్చుంటే మెతుకులు కెలికి లేచిపోయేది. కళ్లు మూసుకుంటే బోర్డు కనిపించేది. నల్లగా, ఖాళీగా, గది కంటే పెద్దగా. లోకల్ రైల్లో ఎవరైనా సెల్‌ఫోన్‌లో "సరే, చాలు" అంటే చటుక్కున తిరిగి చూసేది. తల్లి రాధిక ఏమైందని అడిగితే "ఏం లేదమ్మా, ఉక్కపోత" అనేది.

ఇంతలో అనికేత్ ఫోన్ చేశాడు. వాడు ధారావి పిల్లాడు, దర్శనతోపాటే చేరాడు, మొదటిసారే గట్టెక్కాడు. తెలుగువాడే గానీ కలలు మరాఠీలో కంటాడు.

"దర్శనా, నీ ప్యానెల్ మారింది, తెల్సా?"

"మారుడేంది?"

"ఒక సర్‌కు తబియత్ బాగలేదంట. బయటినుంచి ఒక మేడమ్ వస్తున్నది. ఫేజ్ ట్రాన్సిషన్స్ మేడమ్, అంటే నీ నాలుగో సబ్జెక్టే. జిందగీ అంతా ఆమె పని గదే. నీకైతే మంచిదే గదా, ఐసిం—"

"పేరెత్తకు!"

మాళా మీదినుంచి ఆ కేక గ్యాలరీ దాకా వినపడింది. కింద రాధిక చేతిలో గరిటె జారింది. అనికేత్ "కాయ్ ఝాలం గ? ఏమైంది?" అంటూనే ఉన్నాడు. దర్శన ఫోన్ పెట్టేసి, తన గొంతును తనే విన్నట్టు కూర్చుండిపోయింది. ఆ గొంతు తనది కాదు, అవ్వది. అంతవరకు పరీక్షకు భయపడుతున్నాననుకుంది. ఇప్పుడు తెలిసింది, పరీక్ష సంగతి పక్కన పెట్టి, ఆ రెండు మాటలకే గజగజ వణుకుతోంది. రేపు ఆ మేడమ్ అదే పేరు ఎత్తితే బల్ల ముందు నిలబడి చెవులు మూసుకుంటుందా? మేడమ్ నోటి మీద చెయ్యి పెడుతుందా?

మధ్యాహ్నం రాజవ్వ గ్యాలరీలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దర్శన నిచ్చెన దిగి వచ్చి పక్కన కూర్చుంది. తానూ రెండు రాళ్లు ఏరింది.

"అవ్వా, పేరెత్తకపోతే అది రాదా?"

రాజవ్వ చెయ్యి ఆగింది. "రాదని ఎవ్వలన్నరు?"

"మరి?"

"వచ్చేది వస్తది బిడ్డా. పేరెత్తకుంటే వచ్చేదాక మన పని మనం చేస్కుంటం. ఇంత దింటం, ఇంత పండుకుంటం. దినాం దాన్నే తల్సుకుంట కూసుంటె, గది రాకముందే సస్తం."

"నేను తింటలేను అవ్వా. పండుకుంటలేను."

"ఎర్కనే." రాజవ్వ చేట పక్కన పెట్టింది. "గట్లయితే మరి నాకు దెల్వదు."

దర్శన బతుకులో అవ్వ తెలియదన్న మాట ఎన్నడూ విననేలేదు. అన్నిటికంటే ఆ మాటకే ఎక్కువ భయపడింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"తాత ఆనాడు పేరెత్తకపోతే బతికేటోడా?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడిగింది కాదు. రాజవ్వ ఎదుటి చాల్ వైపు చూస్తూ ఉండిపోయింది. దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఒక పావురం అటూ ఇటూ తిరుగుతోంది.

"చెయ్యి వెట్టకపోతె బతికేటోడు," అంది చివరికి. "ఆడ ఉన్నదని ఎర్కై గూడ, చూడకుంట చెయ్యి వెట్టిండు."

చేట తీసుకుని మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. దర్శన లేచి నిచ్చెన ఎక్కింది. చీరల మూట ఎత్తి పేజీలు బయటికి లాగింది. లాగేటప్పుడు నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకుని, మూట పూర్తిగా పక్కకు తోసి, కింద ఏముందో చూసి మరీ లాగింది.

ఆనాటినుంచి ఆ పేజీలే చదివింది. పెదాలు బిగించి చదివింది. లెక్క వచ్చింది, దారి తెలిసింది. కానీ ఆ పేరు మాత్రం ఒక్కసారి కూడా పైకి అనలేదు. అవ్వ కింద ఉంది, పైకప్పు తల మీద ఉంది. అందుకని చదువంతా కుదిరాక కూడా ఒక భయం అలాగే మిగిలిపోయింది. అక్కడ నోరు పెగులుతుందా, పెగలదా?

పరీక్ష రోజు వాన. గల్లీలో మోకాటి దాకా నీళ్లు. గ్యాలరీ పొడవునా జనం గుమ్మాల్లో నిలబడ్డారు కానీ ఎవరూ ఏమీ అనలేదు. మామూలప్పుడు మా చాల్‌లో ఒకరు తుమ్మితే పదిమంది సలహా చెబుతారు. రాధిక కూతురి అరచేతిలో పెరుగూ చక్కెరా పెట్టింది. రాజవ్వ దర్శన భుజం మీద చెయ్యి వేసి ఒక్కటే మాట అంది.

"చూసి చెయ్యి వెట్టు."

తండ్రి మంగేష్ టాక్సీ నడుపుతాడు. ఆరోజు బేరాలు మానుకుని కూతుర్ని తానే తీసుకుపోయాడు. ఫాక్‌లాండ్ రోడ్ దాటి గ్రాంట్ రోడ్ వంతెన ఎక్కాడు. సిగ్నల్ దగ్గర అద్దంలో చూస్తూ అడిగాడు.

"బిడ్డా... గా పురుగు... ఏమన్న జూసినవా?"

"చూసిన నాయినా."

"ఎట్లున్నది?"

"అడిగితే చెప్తనో లేదో ఎర్క లేదు."

పచ్చదీపం వెలగగానే మంగేష్ బండి కదిలించాడు. హారన్ ఒక్కసారి కూడా కొట్టకుండా నడిపాడు. ముంబయిలో టాక్సీవాడు హారన్ కొట్టలేదంటే ఎంత భయపడ్డాడో మీరే ఊహించుకోండి.

గదిలో ముగ్గురు. ఇద్దరు పాతవాళ్లే. మూడో కుర్చీలో బయటినుంచి వచ్చిన మేడమ్. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, వానలో తడిసిన చెప్పులు బల్ల కింద విడిచి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పేరు, గైడ్ ఎవరు, ఇలాంటివి అడిగాక, ఆనవాయితీ ప్రకారం మొదటి అంశం ఎంచుకునే హక్కు దర్శనకు వదిలేశారు.

"నీకు ఇష్టమైనచోట మొదలుపెట్టమ్మా," అంది మేడమ్ ఇంగ్లీషులో.

హైడ్రోజన్ పరమాణువుతో మొదలుపెట్టాలని దర్శన ఏనాడో అనుకుంది. అది నిద్రలో కూడా వచ్చు. సుద్దముక్క తీసుకుంది. అప్పటికే అది తడిసిపోతోంది. బోర్డు కలలోలాగే నల్లగా ఉంది, గది కంటే పెద్దగా ఉంది. హైడ్రోజన్ అని మొదలుపెడితే ఏమవుతుందో ఆ క్షణంలో ఆమెకు కళ్లకు కట్టింది. చెబుతున్నంతసేపూ ఒక చెవి మేడమ్ వైపే ఉంటుంది. ఇప్పుడంటుందా, ఇంకాసేపట్లో అంటుందా అని. ఆ మాట వచ్చేసరికి ఒంట్లో ఉన్న సత్తువంతా ఎదురుచూడటంలోనే అయిపోయి ఉంటుంది. మళ్లీ కిందటిసారి లాగే అవుతుంది.

నోరు తెరిచింది. శబ్దం రాలేదు. పాత ప్రొఫెసర్లలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. గొంతు సవరించుకుంది. మళ్లీ తెరిచింది.

"ఐసింగ్ మోడల్," అంది.

అని, గభాల్న తలెత్తి పైకప్పు వైపు చూసింది. ఏముందోనని ముగ్గురు ప్రొఫెసర్లు కూడా తలలెత్తి చూశారు. తెల్లటి పైకప్పు. ఒక ఫ్యాను. ఇంకేమీ లేదు.

ఆ సమయంలో ఇక్కడ కామాఠీపురాలో ఏం జరిగిందో చెప్పాలి. గల్లీ గల్లీ నిశ్శబ్దమైపోయింది. నల్లాల్లో నీళ్లు చప్పుడు లేకుండా పడ్డాయి. పొయ్యిల మీది కుక్కర్లు ఒక్కటంటే ఒక్కటి కూత వెయ్యకుండా ఆవిరిని లోపలే బిగబట్టుకున్నాయి. రాజవ్వ మాత్రం గుమ్మంలో కూర్చుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

"మంచిది," అంది మేడమ్. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "అయితే ఇది చెప్పు. ఒకే వరస ఉంటే ఎంత చల్లార్చినా అందరూ ఒకే వైపు నిలబడరు. అదే వరస మీద వరసలు పేర్చి పరిస్తే నిలబడతారు. ఎందుకు?"

సూత్రం తెలుసు. బోర్డు మీద రాయబోయింది. మొదటి అక్షరమే వంకర పోయింది. చెరిపింది. మళ్లీ వంకర పోయింది. సుద్ద విరిగి సగం కింద పడింది. అక్షరాలు రావని తెలిసిపోయి, చేతికి వచ్చింది గీసింది. ఒక గీత, దాని మీద వరసగా డబ్బాలు. ప్రతి డబ్బాకు ఒక చిన్న తలుపు. గీసిన తర్వాత చూసుకుంటే అది మా గ్యాలరీ.

"ఒకే వరసలో గదులున్నాయనుకోండి," అంది. గొంతు ఇంకా సన్నగానే ఉంది. "ప్రతి గదికీ పక్కగదే దిక్కు. ఒక మాట ఈ చివరనుంచి ఆ చివరకు పోవాలి. మధ్యలో ఒక్కరు తిరగబడితే చాలు, అక్కడితో తెగిపోతుంది. తెగడానికి రెండు గదుల మధ్య ఒక్క సందుకు పట్టే శక్తి చాలు. కానీ ఎక్కడ తెగాలన్నా తెగొచ్చు, వరస ఎంత పొడవుంటే అన్ని చోట్లు. పొడవు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట తెగే తీరుతుంది. ఎంత చల్లగా ఉన్నా, కాస్తంత వేడి ఉంటే చాలు."

"మరి అంతస్తులుంటే?"

డబ్బాల పైన ఇంకో వరస గీసింది. దాని పైన ఇంకోటి.

"అప్పుడు ఒక గది తిరగబడితే పక్కనే కాదు, పైన, కింద కూడా జనం ఉన్నారు. మాట చుట్టూ తిరిగి వచ్చేస్తుంది. ఒక గుంపు వేరుపడాలంటే చుట్టూ గోడ కట్టుకోవాలి. గుంపు పెరిగితే గోడ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. గోడను ఎన్ని రకాలుగా కట్టొచ్చో ఆ సంఖ్యా పెరుగుతుంది. ఈ రెండూ గోడ పొడవును బట్టే పెరుగుతాయి కాబట్టి, ఎవరు గెలుస్తారో వేడి తేలుస్తుంది. చల్లగా ఉంటే అందరూ ఒకే మాట మీద ఉంటారు."

అప్పుడు అక్షరాలు వాటంతటవే వచ్చాయి. బొమ్మ పక్కనే లెక్క రాసింది. రెండు పంక్తుల్లో తేలింది.

"ఈ తలుపులేమిటి?" అన్నాడు పాత ప్రొఫెసర్.

దర్శన తటపటాయించి ఉన్నదంతా చెప్పేసింది. పెచ్చు, పూరీలు, పురుగు. మూడు అంతస్తుల జనం ఒక్క పేరు పలక్కపోవడం.

మేడమ్ బల్ల మీదికి వంగింది. "అయితే మీ చాల్‌లో ఆ కట్టు ఏ టెంపరేచర్ దగ్గర విరిగింది?"

"ఇంకా విరగలేదు మేడమ్. నేనొక్కదాన్నే తిరగబడ్డాను. ఇందాకే."

తర్వాత మేడమ్ అయస్కాంతాల్లో కట్టు విరిగే టెంపరేచర్‌ను కచ్చితంగా రాబట్టే పూర్తి లెక్క అడిగింది. దర్శన సగందాకా వెళ్లి ఆగిపోయింది. "ఇక్కడిదాకే చూశాను. ముందుది నాకు రాదు," అంది. పాతవాళ్లు మిగతా సబ్జెక్టుల్లో అడిగారు. ఒకచోట గుర్తు తప్పు వేసింది, చూసుకుని దిద్దుకుంది. "బయట కూర్చో" అన్నారు.

బయట బెంచీ మీద కూర్చున్న ఆ కాసేపటి గురించి దర్శన నాకు ఏమీ చెప్పలేదు. అడిగితే చెయ్యి చాచి చూపించింది. అరచేతిలో గోళ్ల గుర్తులు ఇంకా మానలేదు.

తలుపు తీసింది మేడమే. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వచ్చింది. "పూర్తి లెక్క నేర్చుకో. వచ్చే నెల నాకు చెప్పాలి. పాసయ్యావు," అంది.

గ్యాలరీలో రాధిక ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టింది. చుట్టూ ఎంతమంది ఉన్నారో చెబితే చాల్ కూలిపోతుందని మీరు భయపడతారు.

"అవ్వా, పాసైన."

కేకలు, ఈలలు. రాజవ్వ చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"గా పురుగు గురించి అడిగిండ్రా?"

"అడగకముందే నేనే చెప్పిన అవ్వా. పేరు వెట్టి చెప్పిన."

ఎవరూ కదల్లేదు. రాజవ్వ ఫోన్ దగ్గరికి జరిగింది. "ఏమైంది మరి?"

"ఏం కాలే. మస్తు భయమైంది. గంతే."

"చూసినవా ముందుగాల?"

"చూసిన అవ్వా. ఐసింగ్ మోడల్ అంత పెద్దదేం కాదు."

ఆ మాట స్పీకర్‌లోంచి వచ్చి గ్యాలరీ మధ్యలో పడింది. అందరూ పైకప్పు వైపు చూశారు. సీమా ముందుగా, నూనె కాగిందా లేదా అని చూసినట్టు, మెల్లగా అంది, "ఐసింగ్ మోడల్." ఆ పక్కావిడ అంది. మెట్ల మీదివాళ్లు అన్నారు. పై అంతస్తులో ఎవరో పాటలా అందుకున్నారు. నేను కూడా అన్నాను, తలుపు గట్టిగా పట్టుకుని.

"నువ్వనవా రాజవ్వా?" అంది సీమా.

"నేననను. నాకింక మస్తు పనులున్నయ్," అంది రాజవ్వ ఫోన్ మీదినుంచి చూపు తియ్యకుండా. "పోరీ, పొద్దుగాలకెళ్లి ఏం దినలేదు నువ్వు. ముందు ఇంత దిని రా."

ఇదీ జరిగింది. దర్శన చెప్పింది చెప్పినట్టే రాశాను, పెచ్చు కూడా నిజంగానే పిండిలో పడింది. కల్పించింది ఒక్కటే, కుక్కర్ల సంగతి. అవి ఆరోజు కూడా ఎప్పటిలాగే కూతలు పెట్టాయి. అన్నిటికంటే ముందు కూసింది మాదే. వాన పడుతోంది కదా, కిచిడీ పెట్టాం.